ప్రశ్న ఏ భాషలో పుడుతుంది? మన ఊళ్ల దాకా వచ్చిన ‘ఇంటర్నేషనల్’ చదువు గురించి

అడ్మిషన్ల కాలం వస్తే బాగేపల్లి నుంచి చిక్కబళ్లాపురం దాకా హైవే పక్కన స్కూళ్ల బోర్డులు మారిపోతాయి. కొన్నేళ్ల కిందట ‘ఇంగ్లీష్ మీడియం’ అని రాసి ఉంటే చాలు, జనం వెళ్లి చేర్పించేవాళ్లు. తర్వాత ‘సి.బి.ఎస్.ఇ.’ అని కనిపించింది. ఇప్పుడు ‘ఇంటర్నేషనల్’, దాని కింద చిన్న అక్షరాలతో ‘ఎంక్వైరీ బేస్డ్ లెర్నింగ్’. నేను గుమాస్తాగా పనిచేసి రిటైరైనవాణ్ణి. మా ఆఫీసుల్లో ఎంక్వైరీ పడిందంటే ఎవరి ఇంక్రిమెంటుకో ముప్పు వచ్చిందని అర్థం. ఆ మాట ఒకటో తరగతి బోర్డు మీద చూసి మొదట నవ్వు వచ్చింది. తర్వాత మన సంఘం వాళ్లు ఒకరి తర్వాత ఒకరు ‘ఇది మంచిదేనా, ఇంత ఫీజు కట్టవచ్చా’ అని అడగడం మొదలుపెట్టాక, నవ్వు పక్కన పెట్టి కాగితాలు ముందేసుకుని కూర్చోవలసి వచ్చింది.

మొదట ఒక సంగతి తేల్చుకోవాలి. పేరులో ‘ఇంటర్నేషనల్’ ఉన్నంత మాత్రాన అది అంతర్జాతీయ బోర్డు స్కూలు కాదు. మన వైపు ఆ పేరు పెట్టుకున్న స్కూళ్లలో చాలావాటిలో నడిచేది సి.బి.ఎస్.ఇ. లేదా స్టేట్ సిలబసే. నిజమైన అంతర్జాతీయ సిలబస్ అని జనం చెప్పుకునేది ఎక్కువగా ఐ.బి., అంటే ఇంటర్నేషనల్ బాకలారియేట్. ఈ సంస్థ 1968లో జెనీవాలో పుట్టింది. దేశాలు మారే ఉద్యోగుల పిల్లల కోసం మొదలై, తర్వాత అందరికీ తలుపు తెరిచింది. 3 నుంచి 12 ఏళ్ల పిల్లల కోసం వాళ్ల ప్రైమరీ కార్యక్రమం 1997లో వచ్చింది. బెంగళూరు చుట్టుపక్కల ఐ.బి. స్కూళ్లు ఉన్నాయి. ఎయిర్‌పోర్టు వైపు తరహునిసె దగ్గర ఉన్న స్టోన్‌హిల్ వాటిలో ఒకటి. చేర్పించే ముందు మీరు అడగవలసిన మొదటి మాట ఇదే: గుర్తింపు ఏ బోర్డుది, ఆ పత్రం చూపిస్తారా? ఐ.బి. గుర్తింపు ఉన్న స్కూళ్ల పేర్లన్నీ ఆ సంస్థే బయట పెడుతుంది, కాబట్టి ఇది దాగే విషయం కాదు.

ఇక ఆ చదువు ఎలా ఉంటుందంటే, తెలుగు, లెక్కలు, సైన్సు అని పీరియడ్లుగా విడదీసి చెప్పడం కాకుండా ఆరు పెద్ద విషయాల చుట్టూ ఏడాది నడుస్తుంది. మనం ఎవరం, ఏ చోట ఏ కాలంలో ఉన్నాం, మన మనసులోది ఎలా చెప్పుకుంటాం, ప్రపంచం ఎలా పనిచేస్తుంది, మనుషులు పనులు ఎలా ఏర్పాటు చేసుకుంటారు, ఈ భూమిని ఎలా పంచుకుంటాం. ప్రతి విషయం మీద పిల్లలు ప్రశ్నలు వేయాలి, వెతకాలి, కనుక్కున్నది చూపించాలి. ప్రైమరీ ముగిసే ఏడాది పిల్లలంతా ఒక సమస్య తీసుకుని శోధించి ఊరి ముందు ప్రదర్శన పెడతారు. ఇదే పాఠ్యపుస్తకం చదవాలన్న నిర్బంధం లేదు, ప్రైమరీలో బయటి పరీక్ష లేదు. వినడానికి చాలా బాగుంది. నిజంగా జరిగితే బాగుంటుంది కూడా.

హిందూపురం, కదిరి, మదనపల్లిలో చుట్టాలున్న మన ఇళ్లవాళ్లకు ఈ ఐ.బి. పేరు పరిచయం కావడానికి కారణం ఆంధ్రప్రదేశ్. 2024 జనవరి 31న తాడేపల్లిలో అప్పటి ముఖ్యమంత్రి జగన్ సమక్షంలో ఆ రాష్ట్ర ఎస్.సి.ఇ.ఆర్.టి.కి, ఐ.బి.కి ఒప్పందం జరిగింది. మొదటి ఏడాది టీచర్లకు, అధికారులకు శిక్షణ. 2025 జూన్ నుంచి ఒకటో తరగతి. ఆ తర్వాత ఏటా ఒక్కో తరగతి చొప్పున పెంచుకుంటూ పోయి 2035 నాటికి పదో తరగతికి చేరాలన్నది లెక్క. ప్రభుత్వ బడిలో కూలివాళ్ల పిల్లలకు డబ్బున్నవాళ్ల చదువు ఉచితంగా ఇస్తామన్నారు. ఆ ఉద్దేశాన్ని తప్పు పట్టలేం. అయితే ఆ ఏడాది జూన్‌లో ప్రభుత్వం మారింది, ఐ.బి. పని ముందుకు సాగలేదు. వెయ్యి ప్రభుత్వ స్కూళ్లలో సి.బి.ఎస్.ఇ.కి మార్చిన పదో తరగతి పిల్లలను కూడా తిరిగి స్టేట్ బోర్డు పరీక్షకు తెచ్చారు.

ఎవరి ప్రభుత్వం గొప్ప అన్నది మన సంఘం పని కాదు, మనకు అక్కడ ఓట్లు కూడా లేవు. నాకు ఇందులో కనిపించేది వేరే. పదేళ్లు పట్టే పనిని ఐదేళ్లకోసారి మారే కుర్చీ మీద పెట్టారు. ఇది ఆంధ్రలో మాత్రమే జరిగింది కాదు. మహారాష్ట్ర 2018లో సొంతంగా ఒక అంతర్జాతీయ బోర్డు పెట్టింది. పుణె జిల్లా వాబలేవాడి జిల్లా పరిషత్ బడితో సహా పదమూడు బళ్లను మొదట ఎంచుకుంది, చదువు మరాఠీలోనే. ప్రభుత్వం మారాక ఆ బోర్డును రద్దు చేశారు. ఢిల్లీ ప్రభుత్వం 2021 ఆగస్టులో ముప్పై బళ్ల కోసం ఐ.బి.తో ఒప్పందం చేసుకుంది. ముంబై నగరపాలిక ఇంకా జాగ్రత్తగా నడిచి విలేపార్లేలో ఒక్క మునిసిపల్ స్కూలుతో మొదలుపెట్టింది. ఒక్క బడి, ముప్పై బళ్లు, రాష్ట్రమంతా అన్న ఈ మూడింటిలో మీ ఇంటి డబ్బు అయితే దేనిమీద పెడతారో ఆలోచించండి.

ఇంకో చిక్కు టీచర్ల సంఖ్య. ప్రశ్నల చదువుకు టీచర్లు కూర్చుని కలిసి ముందుగా ఆలోచించుకోవాలి. వారానికి కొంత సమయం దానికే కేటాయించాలని ఐ.బి. కూడా అడుగుతుంది. అదే కాలంలో ఆంధ్రలో మూడు, నాలుగు, ఐదు తరగతులను చాలా చోట్ల హైస్కూళ్లకు తరలించారు. చిన్న బళ్లలో ఒకటో రెండో తరగతుల పిల్లలతో ఒక్క టీచరు మిగిలాడు. ఒక్కడే ఉన్నచోట ఎవరితో కలిసి ఆలోచిస్తాడు? ఆ పద్ధతిని తర్వాత వెనక్కి తీసుకున్నారన్నది వేరే సంగతి. మన గుడిబండె తాలూకా పల్లెల్లో కూడా ఒకరిద్దరు మేష్టర్లతో నడిచే బళ్లను చూస్తున్నాం కాబట్టి ఇది మనకు అర్థం కాని విషయం కాదు.

ఇప్పుడు అసలు చెప్పాలనుకున్నది. ప్రశ్న అడిగించే చదువు మనకు జెనీవా నుంచే రావాలా? చింతామణి నుంచి మదనపల్లి బస్సు ఎక్కితే రెండు గంటల లోపు దూరంలో ఋషివ్యాలీ ఉంది. మదనపల్లిలో తెలుగు ఇంట్లో 1895లో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి ఆలోచనతో ఏర్పడిన పాఠశాల అది. పెద్ద స్కూలు సంగతి అందరికీ తెలుసు. దాని పక్కనే 1980ల చివర్లో పద్మనాభరావు, రమ దంపతులు చుట్టుపక్కల పల్లెల పిల్లల కోసం నడిపిన చిన్న బళ్ల సంగతి చాలామందికి తెలియదు. ఒక్క టీచరు, ఐదు తరగతుల పిల్లలు కలిసి కూర్చునే ఒకే గది. అలాంటి చోట అందరికీ ఒకే పాఠం చెప్పడం కుదరదు. అందుకని పుస్తకాన్ని చిన్న చిన్న కార్డులుగా విడగొట్టారు. గోడకు ఒక నిచ్చెన పటం వేలాడదీశారు. పిల్లవాడు తన మెట్టు ఎక్కడో తనే చూసుకుని, ఆ గుర్తున్న కార్డు తనే తీసుకుని పని చేస్తాడు. ఒక గుంపు టీచరు దగ్గర, ఇంకో గుంపు పెద్ద పిల్లల దగ్గర, కొందరు ఎవరి పని వాళ్లు. నాలుగు రోజులు రాకపోయిన పిల్లవాడు మళ్లీ వస్తే ఆగిన మెట్టు నుంచే మొదలుపెడతాడు, తరగతి తనను వదిలి వెళ్లిపోయిందన్న బాధ ఉండదు. చెనిక్కాయల పీకుడు కాలంలో బడికి రాని పిల్లలున్న ఊళ్లకు ఇది ఎంత పెద్ద విషయమో మన వాళ్లకు చెప్పనక్కర్లేదు. ‘పెట్టెలో బడి’ అని దీనికి పేరు వచ్చింది. ఆ కార్డుల మీది మాటలు తెలుగు మాటలు. ఆ పల్లెల పాటలు, కథలు, పొడుపుకథలు అందులో ఉన్నాయి.

1995లో మైసూరు జిల్లా హెగ్గడదేవనకోటె తాలూకా టీచర్లు యూనిసెఫ్ సాయంతో ఋషివ్యాలీకి వెళ్లి ఇది చూశారు. తిరిగి వచ్చి కన్నడంలో తమ కార్డులు తామే తయారు చేసుకున్నారు. అలా పుట్టిందే మన ప్రభుత్వ బళ్లలోని నలి-కలి. 2009-10 నుంచి కర్ణాటకలో కన్నడ మాధ్యమ ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలన్నింటి ఒకటి, రెండు తరగతులకు, తర్వాత మూడో తరగతికి అది వచ్చింది. తమిళనాడు కూడా ఇదే ఋషివ్యాలీ దారి పట్టి మొదట చెన్నై కార్పొరేషన్ బళ్లలో, ఆ తర్వాత రాష్ట్రమంతా పెట్టింది. అంటే తెలుగు పల్లెలో పుట్టిన పద్ధతి రెండు పొరుగు రాష్ట్రాలకు వెళ్లింది. మన మనవలు గుడిబండె ప్రభుత్వ బడిలో కూర్చుని నేర్చుకుంటున్నది దాని బిడ్డ దగ్గరే. ఈ సంగతి మన పెళ్లిపందిళ్లలో ఎవరూ చెప్పుకోరు. ఇంటర్నేషనల్ స్కూలు ఫీజు ఎంతో మాత్రం అందరికీ నోటికి వచ్చు.

నలి-కలి గొప్పగా నడుస్తోందని నేను అనడం లేదు. ‘పుస్తకం లేదు, హోంవర్కు లేదు, పిల్లలు కింద కూర్చుని ఆడుకుంటున్నారు’ అని తల్లిదండ్రులు మొదటి నుంచీ గొణుగుతూనే ఉన్నారు. ఋషివ్యాలీలో కార్డులు రాసినవాళ్లే పిల్లలతో ఉన్నారు. రాష్ట్రమంతా పెట్టేసరికి కార్డుల పెట్టె వచ్చింది కానీ దాని వెనక ఉన్న ఆలోచన అన్ని చోట్లకూ రాలేదు. శిక్షణ నాలుగు రోజులు, నింపవలసిన రిజిస్టర్లు ఏడాది పొడవునా. ప్రగతి పట్టిక నిండితే పిల్లవాడు నేర్చుకున్నట్టే లెక్క. కాగితం నింపడం ఎంత సులభమో నా వృత్తి నాకు నేర్పింది. ఐ.బి.నైనా సరే, సొంతంగా ఆలోచించే టీచరు లేకుండా తెస్తే ఇదే గతి పడుతుంది, కాకపోతే కాగితం ఇంకాస్త నునుపుగా ఉంటుంది.

మన ప్రాంతానికి దీనిలో ఇంకో ముడి ఉంది. గుడిబండె, బాగేపల్లి, చింతామణి వైపు చాలా ఇళ్లలో పిల్లవాడు అమ్మతో మాట్లాడేది తెలుగు. బడి గోడ మీద ఉండేది కన్నడం. బోర్డు మీద ప్రకటించేది ఇంగ్లీషు. పాఠం బట్టీ పట్టించే చదువులో ఈ ముడి పైకి కనిపించదు. అర్థమైనా కాకపోయినా పిల్లవాడు ఒప్పచెబుతాడు, మార్కులు వస్తాయి. ప్రశ్న అడగమన్నప్పుడే అది బయటపడుతుంది. ఎందుకంటే ప్రశ్నను బట్టీ పట్టలేరు. అది పిల్లవాడి నోట్లో ఉన్న మాటతోనే పుట్టాలి.

మన శిడ్లఘట్ట, చింతామణి పల్లెల్లో పట్టుపురుగుల ఇళ్లు చూడండి. ఆరేళ్ల పిల్లకు పురుగు రెండో జ్వరంలో ఉందో మూడో జ్వరంలో ఉందో తెలుసు. జ్వరం అంటే రోగం కాదు, పురుగు మేత మానేసి తోలు వదిలే కాలం. నాలుగు జ్వరాలు దాటాక అది గూడు కట్టడానికి చంద్రిక మీదికి ఎక్కుతుంది. ఆ సమయానికి మల్బరీ ఆకు ఎంత కావాలో, తడి ఆకు ఎందుకు వేయకూడదో ఆ పిల్లకు తెలుసు. ‘ప్రపంచం ఎలా పనిచేస్తుంది’ అన్న పెద్ద విషయం కింద ఇంతకంటే మంచి పాఠం ఏ దేశంలో దొరుకుతుంది? కానీ అదే పిల్ల ఇంగ్లీషు తరగతిలో ‘వర్మ్ హాజ్ ఫీవర్’ అంటే, ఊరు తెలియని టీచరమ్మ పాపం డాక్టరు దగ్గరకు పంపమంటుంది, లేదంటే తప్పు అని దిద్దుతుంది. ఆ పిల్ల రెండోసారి నోరు తెరవదు. ఇంట్లో అంత మాట్లాడే పిల్ల బడిలో మూగగా ఉందని తల్లి మనకు చెబుతుంది.

నీళ్ల విషయమూ అంతే. బెంగళూరు మురుగునీటిని రెండు దశల్లో శుద్ధి చేసి హెబ్బాళ-నాగవార పథకం కింద మన జిల్లా చెరువులకు పంపుతున్నారు. మూడో దశ శుద్ధి కూడా చేయాలని రైతు సంఘాలు అడుగుతున్నాయి. గుడిబండె కొండ ఎక్కితే హావళి బైరేగౌడ కాలం నాటి కోటలో వాన నీళ్లు ఆపే దొనలు, కింద భైరసాగర చెరువు కనిపిస్తాయి. కొండ మీద ఆ కాలంవాళ్లు వాన చుక్కను ఎలా పట్టి ఉంచారు, ఇప్పుడు బోరు ఇంత లోతుకు పోయినా నీళ్లెందుకు లేవు అని పదేళ్ల పిల్లలు అడిగితే, సమాధానం చెప్పగలిగిన అవ్వాతాతలు ఊరినిండా ఉన్నారు. వాళ్లకు వచ్చిన భాష తెలుగు, కొంత కన్నడం. పిల్లవాడు వాళ్లను అడిగి తెచ్చినదానికి తరగతిలో చోటు ఉందా లేదా అన్నదే అసలు పరీక్ష.

విచిత్రం ఏమిటంటే ఈ మాట ఐ.బి. వాళ్ల నియమాల్లోనే ఉంది. వాళ్ల ప్రైమరీ కార్యక్రమం ఇంగ్లీషులోనే నడవాలని లేదు, ఏ భాషలోనైనా నడపవచ్చు. ఏడేళ్ల వయసు వచ్చేసరికి ప్రతి పిల్లవాడూ బోధనా భాష కాక ఇంకో భాష నేర్చుకుంటూ ఉండాలి. ప్రతి స్కూలూ తన భాషా విధానం రాతపూర్వకంగా పెట్టుకోవాలి, పిల్లల ఇంటి భాషకు అండ ఎలా ఇస్తుందో అందులో చెప్పాలి. మన వైపు స్కూళ్లు ఈ సిలబస్ పేరు చెప్పి ‘ఇంట్లో కూడా ఇంగ్లీషులోనే మాట్లాడండి’ అని తల్లిదండ్రులకు సలహా ఇస్తే, అది ఆ సిలబస్ చెప్పిన మాట కాదు. ఈమధ్య పేరు చెప్పడం ఇష్టం లేని ఒక స్కూలు సమావేశానికి మన సభ్యుడొకరితో కలిసి వెళ్లాను. మైకు పట్టుకున్నాయన గంటసేపు క్రిటికల్ థింకింగ్ గురించి చెప్పారు. చివర నేను లేచి భాషా విధానం కాపీ ఇస్తారా అని అడిగితే, ప్రశ్నలకు సమయం అయిపోయిందన్నారు.

కర్ణాటకలో చట్టం ఏమి చెబుతుందో కూడా మన వాళ్లు తెలుసుకోవాలి. రాజ్యాంగం 350ఎ అధికరణం, 1956లో చేర్చినది, భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక స్థాయిలో మాతృభాషలో చదువుకునే ఏర్పాటు చేయడానికి రాష్ట్రాలు ప్రయత్నించాలని అంటుంది. 2014 మేలో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం కర్ణాటక కేసులోనే, పిల్లల మాతృభాష ఏదో నిర్ణయించేది తల్లిదండ్రులని, ప్రభుత్వం మాతృభాషా మాధ్యమాన్ని బలవంతంగా రుద్దలేదని తీర్పు ఇచ్చింది. 2015 నాటి చట్టం ఏ బోర్డు స్కూలైనా కన్నడం నేర్పాలని చెప్పింది. ఇది సరైనదే. ఇక్కడ తరతరాలుగా ఉన్నాం, రేషన్ కార్డు నుంచి రెవెన్యూ రికార్డు దాకా మన బతుకు కన్నడంలో నడుస్తుంది. కన్నడం రాని తెలుగు పిల్లవాడు తాలూకా ఆఫీసు మెట్ల మీదే ఆగిపోతాడు. 2025 ఆగస్టులో సుఖదేవ్ థోరాట్ కమిషన్ ముఖ్యమంత్రికి ఇచ్చిన రాష్ట్ర విద్యా విధాన నివేదిక, ఐదో తరగతి దాకా కన్నడం లేదా మాతృభాషే బోధనా మాధ్యమంగా ఉండాలని సిఫార్సు చేసింది. అందులో ‘లేదా మాతృభాష’ అన్న రెండు మాటలు మనవి. వాటిని ఎవరు పట్టుకుంటే వాళ్లకు ఉపయోగం. రాష్ట్ర పాఠ్యపుస్తక సంఘం తెలుగుతో సహా ఏడు మాధ్యమాల్లో పుస్తకాలు అచ్చువేస్తోంది. అడిగే తల్లిదండ్రులు తగ్గిపోతే ఆ తెలుగు పుస్తకం కూడా ఒక రోజు గోడౌనులో ఆగిపోతుంది.

‘అయ్యా, ఇవన్నీ సరే, ప్రశ్నలు అడిగితే నీట్ సీటు వస్తుందా’ అని మా ఇంట్లోనే అడిగారు. న్యాయమైన మాట. పదో తరగతి తర్వాత పోటీ పరీక్ష వేగానికి ఈ చదువు సరిపోదేమో అన్న భయం ఉంటుంది. కానీ మనం మాట్లాడుతున్నది ఐదో తరగతి లోపు పిల్లల గురించి. అక్కడ ప్రశ్న అడగడం మరిగిన పిల్లవాడు పై తరగతిలో లెక్క ఎందుకు అలా వచ్చిందో కూడా అడుగుతాడు. ఇది విదేశీ అలవాటు అనుకునేవాళ్లు మన జిల్లా గౌరిబిదనూరు తాలూకా హొసూరులో 1920లో పుట్టిన హెచ్. నరసింహయ్య గారిని గుర్తు చేసుకోవాలి. పేద ఇంటి పిల్లవాడు, ఊరి బడిలో చదివాడు, భౌతికశాస్త్రం అధ్యాపకుడై బెంగళూరు విశ్వవిద్యాలయం వైస్ చాన్సలర్ అయ్యాడు. 1962లో బెంగళూరు సైన్స్ ఫోరం పెట్టాడు. 1976లో మహిమలనేవాటిని శాస్త్రీయంగా పరిశీలించడానికి కమిటీ వేసి దేశమంతా గొడవకు కారణమయ్యాడు. ఆయన ముగింపులతో మీకు ఒప్పుదల ఉన్నా లేకపోయినా, అడగడం ఆయనకు ఏ ఇంటర్నేషనల్ స్కూలూ నేర్పలేదు.

ఫీజు గురించి ఒక్క మాట. ఐ.బి. గుర్తింపు కోసం స్కూలు ఏటా ఆ సంస్థకు డాలర్లలో వేల మొత్తం కడుతుంది. టీచర్ల శిక్షణకు వేరే ఖర్చు. అది చివరికి తల్లిదండ్రుల మీదికే వస్తుంది. కట్టగలిగిన ఇల్లు కట్టుకోవచ్చు, నాకు అభ్యంతరం లేదు. రెండెకరాల మల్బరీ తోట కుదువ పెట్టి కట్టాలనుకునేవాళ్లను మాత్రం ఒక్క వారం ఆగమంటాను. ఆ వారంలో స్కూలుకు వెళ్లి గుర్తింపు పత్రం, భాషా విధానం చూడండి. క్లాసులో అరగంట వెనక కూర్చోనివ్వమని అడగండి. ఎక్కువసేపు మాట్లాడింది టీచరా, పిల్లలా అని గమనించండి. తెలుగులో అడిగిన పిల్లవాడికి ఏం జవాబు వచ్చిందో చూడండి. అలాగే మీ వీధి ప్రభుత్వ బడికి కూడా ఒకసారి వెళ్లి నలి-కలి గదిలో నిచ్చెన పటం ముందు మీ పక్కింటి పిల్లవాణ్ణి నిలబెట్టి, ‘నువ్వు ఎక్కడున్నావు నాయనా’ అని అడగండి.

మన సంఘం తరఫున రెండు పనులు చేద్దామనుకున్నాం. తెలుగు మాట్లాడే ఇళ్ల పిల్లలు ఎక్కువగా ఉన్న ప్రభుత్వ బళ్లలో నలి-కలి తరగతికి తెలుగు తెలిసిన టీచరును వేయమని, తెలుగు మాటలతో అదనపు కార్డులు వాడుకోవడానికి అనుమతి ఇవ్వమని బి.ఇ.ఓ. గారికి అర్జీ. కన్నడ కార్డులు తీసేయమని కాదు, వాటికి తోడుగా. కార్డులు రాసే పని మన రిటైర్డు టీచర్లు చేస్తామన్నారు. రెండోది, ప్రైవేటు స్కూళ్ల భాషా విధానాల కాపీలు పోగు చేసి, అడిగిన ఇంటికి చూపించడం. మీ పిల్లల స్కూలు కాపీ ఇస్తే ఒక జిరాక్సు సంఘం ఆఫీసులో ఇవ్వండి. ఇవ్వకపోతే ఇవ్వలేదని తేదీతో సహా రాసి ఇవ్వండి, అది కూడా ఫైలులో పెడతాను.